పిప్పళ్ళు వేసిన సొరపుట్టు

పోయినవారం మీరు నన్ను వంటింట్లో చేపనీచు చేతులతో వదిలేసి పేజీ తిప్పేశారు. నేనింకా అక్కడే ఉన్నాను. మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. మా పాప పుట్టి పందొమ్మిది రోజులు. మా అత్తగారు బాత్రూంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకోవడంతో ఉషకి పురుడు శ్రీకాకుళంలో మా అద్దె మేడ మీదే పోయాల్సి వచ్చింది. మా అమ్మ ఎప్పుడో పోయింది కాబట్టి, బాలింత పనులకి సముద్రం ఒడ్డున మా జాలరిపేట నుంచి మేనత్త బుల్లమ్మ దిగింది. పాలు చాలడం లేదని ఉష రెండు రోజులుగా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, "మా అమ్మ చేసే సొరపుట్టు చేసిపెడతాను, చూస్కో" అని నేను గొప్పగా మాటిచ్చేశాను. పాలసొర చేప కావాలని మా నాన్న గంగులుకి ఫోన్ చేశాను. ఆదివారం తొలి బస్సులో సొర వచ్చింది. మధ్యాహ్నానికి తనూ వస్తానని కబురొచ్చింది. నేను పడవెక్కకుండా సెల్‌ఫోన్లు బాగుచేసే పని పట్టానని అలిగి, నాలుగేళ్ళుగా ఈ గుమ్మం తొక్కని మనిషాయన. పాప పుట్టిందన్నా రాలేదు. ఇప్పుడెందుకు వస్తున్నాడో నాకు అంతుపట్టలేదు.

అదీ సంగతి. ఇక పొయ్యి దగ్గరికి రండి.

పాలసొరని శుభ్రం చెయ్యడం మామూలు చేపలాగ కాదు. దానికి పొలుసు కనపడదు, చర్మం గరుకుకాగితంలా ఉంటుంది. మరిగే నీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో రుద్ది ఆ ఇసకంతా వదలగొట్టాలి. ముక్కలు కోసి పసుపేసి ఉడికించాలి. ఉడికాక చర్మం ఒలిచి, మధ్యలో మెత్తటి ఎముక తీసేసి, పిడికిట్లో నీళ్ళు పిండి వేళ్ళతో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. నేను నలుపుతుంటే బుల్లమ్మత్త గడప మీద కూర్చుని ప్రతి పిడికిలికీ తప్పు పడుతోంది.

"సరిగ్గా పిండరా. నీల్లుంటే నీసు కొడతాది."

"పిండుతున్నాను కదత్తా."

"ఏటి పిండతన్నావు, సెయ్యి నొప్పెడతాదని సూస్తన్నావు."

ముందుగదిలోంచి టీవీ మోత వస్తోంది. పాప పుట్టిన మూడో రోజున ఆన్‌లైన్‌లో ఒక టీవీ గేమ్ తెప్పించుకున్నాను. పాతకాలం కాసెట్ల ఆటలన్నీ ఒకే పెట్టెలో ఎక్కించి అమ్ముతున్నారు. పాపని గుండె మీద పడుకోబెట్టుకుని ట్యాంకుల ఆట ఆడితే, ఆ టింగ్‌టింగ్ సంగీతానికి పాప నిద్రపోతుంది. ఇది నేను కనిపెట్టిన విద్య. ఉషకి మాత్రం ఇది గిట్టదు.

"పిల్లకి బొమ్మలు తెమ్మంటే తనకి తెచ్చుకున్నాడు, సూడత్తా," అంది మంచం మీంచి. "ఒల్లో పిల్ల, సేతిలో రిమోటు. ఇద్దరికీ కలిపి బారసాల సేసీయాలి."

"ఆ టీవీ కట్టు బావా," అని మళ్ళీ అరిచింది. చేతులు ఖాళీగా లేవన్నాను. ఆట సగంలో ఆగిపోయి ఉంది, సంగీతం మాత్రం తిరిగి తిరిగి మోగుతోంది. ఆ మోత నాకు హాయిగానే ఉంది. ఎందుకుండదు? నా చిన్నతనంలో నేను నిజంగా సుఖపడిన రోజులంటూ ఉంటే అవి నలభై రోజులు. ఆ నలభై రోజులూ నా చెవిలో మోగింది ఆ సంగీతమే.

నేను మూడో తరగతి పాసైన ఎండాకాలం అది. అంతకుముందు నాలుగు నెలలు అమ్మ ఒంట్లో బాగోలేదని కన్నవారింట్లో ఉండిపోయింది. నాన్నకి పడవ తిరగబడి తొడ ఎముక విరిగింది, మంచం మీదున్నాడు. మా ఇద్దరికీ వండిపెట్టింది ఈ బుల్లమ్మత్తే. అమ్మ తిరిగొచ్చిన మర్నాడే నా చెయ్యి పట్టుకుని, "నరసన్నపేట ఎల్దాం రారా, ఆట ఆడుకుందువు గాని" అంది. నేను నమ్మలేదు. మా అమ్మ లక్ష్మణమ్మ అంటే తెల్లారకుండా ఎండుచేపల తట్ట ఎత్తుకుని బస్సెక్కే మనిషి. నాతో మాట్లాడ్డానికే తీరిక ఉండేది కాదు.

నరసన్నపేటలో సీతారామారావుగారని ఒక షావుకారు. ఇంటి ముందుగదిలో క్యాసెట్లు అద్దెకిచ్చేవారు, రెండు టీవీలు పెట్టి వీడియో గేములు ఆడించేవారు. పిల్లలు గంటల లెక్కన డబ్బులు కట్టి ఆడేవారు. నన్ను మాత్రం ఒక్క రూపాయి అడగలేదు. కాసెట్ సరిగ్గా పట్టకపోతే తీసి ఉఫ్‌ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టడం ఆయనే నేర్పారు. నేను బాగా ఆడతానని ముచ్చటపడి ఊరికే ఆడనిస్తున్నారనుకునేవాణ్ణి. పేటలో అందరికీ అలాగే చెప్పుకున్నాను కూడా.

ఆ గది వెనక ఒక పూల కర్టెన్ ఉండేది. దాని వెనక వాళ్ళ ఇల్లు. అక్కడ వాళ్ళకి పుట్టిన పసిపిల్ల ఎప్పుడూ గుక్కపట్టి ఏడుస్తూ ఉండేది. ఆ ఏడుపుకి ట్యాంకుల మోత వినపడక నాకు ఒళ్ళు మండేది. లేచి టీవీ సౌండు పెంచేవాణ్ణి. రోజుకి మూడుసార్లు అమ్మ సంతలోంచి వచ్చి, కుళాయి దగ్గర సబ్బుపెట్టి చేతులు మోచేతుల దాకా కడుక్కుని, "మంచినీల్లు తాగొస్తాను" అని కర్టెన్ వెనక్కి వెళ్ళేది. అమ్మ వెళ్ళగానే ఆ పిల్ల ఏడుపు ఆగేది. మా అమ్మ ఏ పిల్లనైనా ఇట్టే ఊరుకోబెట్టేస్తుందని నాకు భలే గర్వంగా ఉండేది.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ సొరపుట్టు చేసుకునేది. తన కంచంలోంచి నాకూ నాలుగు ముద్దలు పెట్టేది. నలభయ్యో రోజున "రేపట్నించి ఎల్లం" అంది. నేను బస్సులో పేట వచ్చేదాకా ఏడ్చాను. నన్ను చూసి అమ్మా ఏడ్చింది. నా ఆట పోయిందని అమ్మ కూడా ఏడ్చిందనే ముచ్చట నేను ఉషకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మా అమ్మకి నేనంటే అంత ప్రాణం అనడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

"ఉల్లిపాయి తరగనేదేటిరా?" అత్త నా ఆలోచన తెంచింది.

"ఉల్లిపాయ లేదు, పచ్చిమిరగాయ లేదు. మిరియాలు, రెండు గెడ్డల వెల్లుల్లి, పిప్పళ్ళు దంచి వెయ్యడమే. దింపేముందు నువ్వులనూనె," అన్నాను, పెద్ద వంటవాడిలాగ.

అత్త మొహం విప్పారింది. "ఓలమ్మ! బాలింతపుట్టు అలగే సెయ్యాల. మగోడివి, నీకెవులు సెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు. అమ్మ ఎప్పుడూ అలాగే చేసేది కదా. మూడో తరగతి సెలవుల్లో రోజూ తిన్నాను."

"రోజూనా? పిప్పల్లేసిందేనా?"

"పిప్పళ్ళేసిందే. నోరు చురచురలాడేది."

అత్త చేతిలోని వెల్లుల్లి కింద పెట్టేసింది. "పిప్పల్లేసిన పుట్టు ఉత్త మనిసి తినడురా గోవిందా. అది పాలు పడ్డానికి. బాలింతరాలు తప్ప తినదు."

నేను నవ్వాను. అత్త నవ్వలేదు. గరిటె పట్టుకుని నేనూ లెక్కేసుకున్నాను. మా ఇంట్లో ఆడమనిషి అమ్మ ఒక్కతే. నేను ఒక్కగానొక్క కొడుకుని.

"అయితే ఆ ఏడాది బాలింత ఎవరత్తా?"

అత్త ఉష గదివైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వు సిన్నోడివని సెప్పలేదు. మీయమ్మ కన్నోరింట్లో ఆడపిల్లని కన్నాది. పుట్టగానే పోనాదని కబురెట్టారు. నేనూ ఏడిసి ఊరుకున్నాను. మీ నాన మంచం మీదున్నాడు, సూడ్డానికి ఎల్లేదెవులు?"

నాకు చెల్లెలు పుట్టి చచ్చిపోయిందన్న మాట ముప్పయ్యేళ్ళొచ్చాక, పొయ్యి దగ్గర, నువ్వులనూనె సీసా పట్టుకుని విన్నాను. అయ్యో అనుకున్నాను. అంతలోనే అత్తే మళ్ళీ అంది, తనలో తాను అనుకున్నట్టు.

"అయితే మరి పుట్టెందుకు తిన్నాదిరా? బిడ్డ పోనోలకి పాలు మాన్పుతాం గాని, పాలు పడ్డానికి ఎవులైనా తింటారేటి?"

సరిగ్గా అప్పుడే మెట్ల మీద కుంటికాలి చప్పుడైంది. మా నాన్న వచ్చాడు.

కాళ్ళు కడుక్కున్నాడు. ఉయ్యాల దగ్గర నిలబడి పాపని చూశాడు, ముట్టుకోలేదు. "దేవుడి దయ" అని గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఉష లేవబోతే, "నువ్వు కూకోమ్మా" అన్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ రెండుసార్లు వరండాలోకి వెళ్ళి వీధిలోకి తొంగిచూశాడు. ఎవరికోసమని అడిగితే, "నరసన్నపేట బస్సు ఎన్ని గంటలకి?" అన్నాడు. అప్పుడే వెళ్ళిపోదామనే! నాకు చిర్రెత్తింది. ఏమీ అనకుండా అన్నం పెట్టి, పక్కన రెండు గరిటెల పుట్టు వేశాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"ఎవులు సేసారిది?"

"నేనే."

"లచ్చనమ్మ సేసినట్టే ఉన్నాది," అన్నాడు. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

ఇంకో రోజైతే ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి. "అమ్మ ఇది ఎవరికోసం తినేది నాన్నా?" అన్నాను.

ఆయన అత్తవైపు చూశాడు. అత్త తల దించుకుంది.

"పుట్టగానే పోయిన పిల్లకి పాలెందుకు?" నేను వదల్లేదు. "అత్త చెప్పింది. చెప్పు."

"సచ్చిపోనాదని నేననలేదురా," అన్నాడు మా నాన్న. "కబురెట్టింది మీ యమ్మ. నేను నోర్ముయ్యడమే."

అత్త "ఓర్నాయనో" అని గోడకి జారబడింది. గదిలో ఉష లేచి కూర్చుంది. టీవీలో సంగీతం మోగుతూనే ఉంది.

నాన్న కంచం పక్కకి జరిపి, కడుక్కోని చేత్తోనే చెప్పుకొచ్చాడు. "ఆ యేడు నేను లేత్తానో లేవనో తెల్దు. మీ యమ్మ ఒక్కతే సంపాదన. నీ తరవాత రొండు పోనాయి, మల్లీ నిలబడిందీ ఆడగుంట. సీతారామారావుగోరి ఆవిడ కన్యాకుమారమ్మకి మూడుసార్లు కడుపు పోనాది. మీ యమ్మ ఆల అరుగు కాడే తట్ట దించుకునీది, ఆలు మంచినీల్లు పోసీవోరు. బిడ్డని తనకిచ్చీమని ఆవిడే అడిగింది. మీ యమ్మ పది రోజులు అన్నం తినకుండా ఆలోసించి ఒప్పుకున్నాది. ఒకటే మాట అడిగింది. నలపై రోజులు నా పాలే తాగాల అన్నాది."

నేను గరిటె కింద పెట్టేశాను.

"నిన్ను ఆటకి తీస్కెల్లినాదనుకున్నావా?" అన్నాడు. గొంతు గట్టిగా లేదు. "పాలియ్యడానికెల్లినాదిరా. పేటలో ఎవులైనా అడిగితే సెప్పుకోడానికి నువ్వు. గుంటడికి టీవీ ఆట పిచ్చి, ఏటి సెయ్యమంటారు అనీది."

కర్టెన్ వెనక ఏడ్చింది ఎవరో అప్పుడు నాకు తెలిసింది. సబ్బుపెట్టి మోచేతుల దాకా ఎందుకు కడుక్కునేదో తెలిసింది. చేపలమ్మే మనిషిని షావుకారు ఇల్లాలు లోపలి గది దాకా ఎందుకు రానిచ్చిందో నేను ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ట్యాంకులు కాల్చుకుంటూ కూర్చున్నాను.

నాకు ఏడుపు రావాలి కదా. రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళు పుట్టింది. ఇంట్లో పందొమ్మిది రోజుల బిడ్డని పెట్టుకున్న తండ్రికి, ఎన్నడూ చూడని చెల్లెలి మీద కుళ్ళు. ఆ నలభై రోజులు నావి. బస్సులో కిటికీ పక్క సీటు, కాసెట్లో ఉఫ్‌ఉఫ్‌లు, అమ్మ కంచంలో నాలుగు ముద్దలు, అన్నీ నావనుకున్నాను. అవన్నీ ఇంకొకరి భోజనంలో నాకు మిగిలినవి.

"అంటే అందులో నాకోసం ఏదీ లేదా నాన్నా?" అన్నాను. గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది, సిగ్గేసింది.

జవాబు చెప్పింది ఉష. పాప తలకింద చెయ్యి పెట్టుకుని, పాప మొహంలోకే చూస్తూ అంది.

"నలబయ్యొకటో రోజున ఆవిడ బస్సెక్కకుండా ఎలగుండిపోనాదో బావా. నా వల్ల కాదు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆఖరి రోజు బస్సులో అమ్మ రవికె తడిసిపోయి ఉంది. కొంగు లాగి కప్పుకుంది. నీళ్ళు ఒలికాయా అమ్మా అని అడిగితే అవునంది. ఆ రోజు ఇద్దరం ఏడ్చాం. నా ఏడుపు ఆట కోసం.

"ఆ పిల్ల పేరు జాన్సీలచ్మి," అన్నాడు నాన్న. "డిగ్రీ సదివింది. కన్యాకుమారమ్మ కిందటి సంకురాత్రికి ముందు మంచాన పడి, పోయేముందు సెప్పీసింది. ఆరునెల్ల బట్టీ నాకు ఫోన్లు సేస్తన్నాది. నీకు పాప పుట్టిందని సెప్పినాను. ఒక్కసారి సూసి ఎల్లిపోతానన్నాది."

"చూసి వెళ్ళిపోతానంటే?" అన్నాను.

"నాతోటే బస్సెక్కినాది. కింద టీబడ్డీ కాడ కూకోబెట్టినాను. నువ్వు ఊఁ అంటే పిలుద్దుననీసి."

నాలుగేళ్ళుగా రాని మనిషి ఎందుకొచ్చాడో తేలిపోయింది. పాప కోసం కాదు, నా కోసం అసలే కాదు. కుళ్ళు మీద కోపం వచ్చి కూర్చుంది.

"నాకు చెప్పకుండా తీసుకొచ్చేస్తావా? ఇరవై రెండేళ్ళు నోరు మూసుకుని, ఇవాళ చేపలతట్ట దింపినట్టు నా గుమ్మంలో దింపేస్తావా? పంపించెయ్. నా వల్ల కాదు."

"గోవిందా," అంది అత్త.

"పంపించెయ్యమన్నాను!"

నా అరుపుకి పాప ఉలిక్కిపడి లేచింది. గుక్కపట్టింది. ఉష పాలు పట్టబోయింది, అందుకోలేదు, మొహం ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. నాన్న మెల్లగా లేచాడు. "సరేరా. నువ్వొద్దంటే బస్సొచ్చినప్పుడు ఎక్కిపొమ్మని సెప్పీసే ఉంచినాను. ఆ పిల్లే అన్నాది, పిలుపు రాకపోతే ఎల్లిపోతాను, అన్నయ్యని ఇబ్బంది పెట్టొద్దనీసి." చెయ్యి కడుక్కోడానికి కుంటుతూ వెళ్ళాడు.

ఏడుపు పెరిగింది. ట్యాంకుల సంగీతం దానిమీద పడి మోగుతోంది. నా చెయ్యి అలవాటుగా టీవీ రిమోట్ మీదికి పోయింది. ఏడుపు వినపడకుండా ఉండాలంటే ఏ మీట నొక్కాలో నా బొటనవేలికి ఎనిమిదేళ్ళప్పటినుంచీ తెలుసు. వేలు ఆ మీట మీద ఆగింది.

సౌండు తగ్గించాను. ఇంకా తగ్గించాను. సున్నా దాకా తగ్గించాను.

ఇంట్లో పాప ఏడుపు ఒక్కటే మిగిలింది. తెరిచిన వరండా తలుపులోంచి అది వీధిలోకి వెళ్ళింది. నేను దాని వెనకే వెళ్ళి పిట్టగోడ పట్టుకుని కిందికి చూశాను.

రోడ్డుకి అవతల టీబడ్డీ. బల్ల చివర ఆకుపచ్చ చుడీదార్‌లో ఒక అమ్మాయి, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. టీ గ్లాసు పక్కన ఉంది, తాగలేదు. ఏడుపు వినపడగానే తలెత్తింది. వెతికింది. మా మేడ కనిపెట్టి, సంచి బల్లమీద పెట్టేసి లేచి నిలబడింది. ఎవరో పిలిచినట్టు రెండడుగులు ముందుకొచ్చింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

మలుపులో నరసన్నపేట బస్సు హారన్ కొట్టింది. ఆమె బస్సువైపు చూసింది, మా మేడవైపు చూసింది. సంచి తీసుకుని భుజాన వేసుకుంది.

"ఆగు!" అని అరిచాను.

నా చెల్లెలితో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆ హారన్ మోతలో ఆమెకి వినపడిందో లేదో తెలియదు. చెప్పులు కూడా వేసుకోకుండా, నువ్వులనూనె చేతులతో, మెట్లు రెండేసి చొప్పున దిగి గేటు దగ్గరికి పరిగెత్తాను. వెనక పాప ఏడుస్తూనే ఉంది.

బస్సు వచ్చి సరిగ్గా మా ఇద్దరికీ మధ్యలో ఆగింది.